బాపు దిగిన టాంకి

మా బాపు ఇంజనీరు. సిరొంచ చుట్టుపక్కల పల్లెల్లో తాగునీటి ట్యాంకులు కట్టించడం, కట్టినవాటిని చూసుకోవడం ఆయన పని. వానాకాలం దారులు తెగినా ఆగేవాడు కాదు. ప్యాంటు మడిచి, చెప్పులు చంకలో పెట్టుకుని, నడుము లోతు వాగులోంచి అవతలికి పోయేవాడు. ఒకసారి పాతగూడెం దగ్గర ఇంద్రావతి దాటుతుంటే పడవలోకి నీళ్లు ఊరాయట. బాపు తన టిఫిన్ డబ్బాతో తోడిపోస్తూ, "మా ఇంటామె ఇంకా పెద్ద డబ్బా ఇయ్యాలె గని, ఆమెకు నా ఆకలి మీద నమ్మకం లేదు" అన్నాడట పడవాయనతో. ఇంటికొచ్చి అది చెప్పి ఆయనే నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. నేను డిగ్రీలో ఉన్నాను. ఎండాకాలం సెలవుల్లో ఒక్కోసారి బాపు మోటారు సైకిలు మీద వెనక కూర్చుని పల్లెలకు పోయేదాన్ని. అట్లా పోయిన ఒక పల్లె పేరు ఇక్కడ రాయను. అక్కడ నల్లా నీళ్లు వాసనొస్తున్నాయని కబురొచ్చింది. ఆ ఊరి ట్యాంకు నెల కిందటే కడిగినట్టు కాంట్రాక్టరు కాగితం రాసిచ్చాడు. బాపుకు పై అధికారి అయిన పెద్ద సాహెబు ట్యాంకు ఎక్కి చూడకుండానే దాని మీద సంతకం పెట్టాడు.

మేం పోయేసరికి ఒక ముసలవ్వ నల్లా కింద బిందె పెట్టి కూర్చుంది. బాపు దోసిలి పట్టి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఎన్ని దినాల సంది గిట్లొస్తున్నయవ్వా?"

"మొదట్ల వాసనొచ్చేది సారూ. ఇగ ముక్కుకు అలవాటైంది. మా మనుమరాలికే పడ్తలేదు. వారం నుంచి వాంతులు, విరేచనాలు."

ఆ పిల్ల లోపల నులక మంచం మీద ఉంది. ఆరేళ్లుంటాయేమో. కళ్లు లోపలికి పోయాయి. బాపు బజారులో ఉన్న జీపును పిలిపించి, అవ్వను, పిల్లను దవాఖానకు పంపాడు. తర్వాత ఒక సీసా నిండా నల్లా నీళ్లు పట్టి నా చేతికిచ్చి, ట్యాంకు ఎక్కాడు. పైన ఇనుప మూత తెరిచే ఉంది. కడగడానికి వచ్చామన్నవాళ్లు దాన్ని మూయను కూడా లేదు.

కాసేపటికి పైనుంచి బాపు గొంతు వినిపించింది.

"బిడ్డా, లోపట ఒకాయన తానం జేస్తాండు. ఎంత పిలిచినా లేస్తలేడు."

కొండముచ్చు, మా వైపు కొండెంగ అంటారు. దాహానికి దిగి ఎక్కలేకపోయింది. బాపు అడుగు వాల్వు తిప్పించి నీళ్లు వదిలేయించాడు. పచ్చగా, జిడ్డుగా, వెంట్రుకల ముద్దలతో వచ్చాయి. కాలువ పక్కన నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె అక్కడే కక్కుకుంది. ఆ నీళ్లతోనే పొద్దున ఆమె అన్నం వండింది. లోపలికి దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. బాపు మూతికి తువ్వాలు కట్టుకుని దిగాడు. దాన్ని గోనె సంచిలో కట్టి, తాడుతో కిందికి దించాడు. సంచి అడుగు నుంచి కారుతూనే ఉంది. తర్వాత చీపురు, బ్లీచింగు అడిగి మళ్లీ లోపలికి పోయాడు. సాయంత్రం దాకా కడిగాడు.

ఇంటికొచ్చే దారిలో నేను బాపు నడుము పట్టుకోలేదు. వెనక ఇనుప కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. పెరట్లో ఆయన నీళ్లు పోసుకుంటూ సబ్బు అడిగితే, దగ్గరికి పోకుండా దూరం నుంచే విసిరాను. అది మట్టిలో పడింది. ఆయనే వంగి తీసి కడుక్కున్నాడు. ఆ పూట ఆయన పక్కన కూర్చుని తినలేకపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కంపు కన్నా నా మీద నాకే ఎక్కువ అసహ్యమేస్తుంది.

మూడో రోజు పిల్ల చనిపోయింది. ఆ సంగతి బాపు గడపలో చెప్పులు విడుస్తూ చెప్పాడు. ప్రతిదానికీ ఏదో ఒక మాట కలిపి నవ్వించే మనిషి దీనికి ఏమీ కలపలేదు.

ఆ వారమే పై ఆఫీసులో మీటింగు. కాంట్రాక్టరు కూడా వచ్చాడు. బాపు సీసాలోని నీళ్లు స్టీలు గ్లాసులో పోసి పెద్ద సాహెబు ముందు పెట్టాడట.

"కాగితం మీద మస్తు సాఫున్నయి సాహెబ్. జర తాగి చూడుండ్రి."

పెద్ద సాహెబు ఆ గ్లాసును ఒక్క వేలితో కాంట్రాక్టరు వైపు జరిపాడు. కాంట్రాక్టరు పక్కాయన వైపు జరిపాడు. గ్లాసు బల్ల చుట్టూ తిరిగి మళ్లీ బాపు దగ్గరికే వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. మీటింగు రాతల్లో మాత్రం ట్యాంకు శుభ్రంగా ఉందనే రాసుకున్నారు. పిల్ల ఎండదెబ్బకు పోయిందన్నారు. నెల తిరగకముందే బాపును జిమల్‌గట్ట వైపు అడవి పల్లెలకు బదిలీ చేశారు. అదే కాంట్రాక్టరుకు ఇంకో రెండు ట్యాంకుల పని దొరికింది.

అయిదారేళ్లకు, ఒక మధ్యాహ్నం పని దగ్గరే ఛాతీలో నొప్పొచ్చి బాపు పోయాడు. సిరొంచలో సంతాప సభ పెట్టారు. కాంట్రాక్టరు తెల్ల బట్టల్లో వచ్చి మైకు అందుకున్నాడు.

"మా సారు అసొంటి ధైర్యం, అసొంటి నవ్వులు ఎవ్వరికీ రావు. ఒకపారి టాంకిల పడ్డ కొండెంగను ఒక్కడే దిగి తీసిండు. గా నీళ్లు తెచ్చి మాకే తాగుమని పెట్టిండు."

హాలంతా నవ్వింది. పెద్ద సాహెబు చేతిరుమాలుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఆ నీళ్లు తాగి ఒక పిల్ల చచ్చిపోయింది. అది గూడ చెప్పుండ్రి" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరుసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, మెత్తగా, "ఇప్పుడు గా ముచ్చట ఎందుకు బిడ్డా" అన్నాడు. అంతలో చాయ్ వచ్చింది. అందరూ దాని వైపు తిరిగారు. కాంట్రాక్టరు దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టబోయాడు. ఆ చెయ్యి నాకు తగలకముందే అమ్మ దాన్ని పట్టుకుని పక్కకు నెట్టింది. ఎవరితోనూ పెద్ద గొంతుతో మాట్లాడి ఎరగదు ఆమె.

"లే, పోదాం" అంది నాతో.

బయట ఎండలో నడిచాం. బస్టాండు దాటాక అంది: "వాడు చెప్పిన దాంట్ల ఒక్కటి గూడ అబద్ధం లేదు. గదే నాకు రోత."