గాజుకంటికి బొట్టు

వీరేశానికి కుడిచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. మిగతా రెండూ సనత్‌నగర్‌లోని ఫ్యాన్ల ఫ్యాక్టరీలో రేకులు నొక్కే పాత ప్రెస్సు కింద పోయాయి. అయినా పొద్దున్నే హఫీజ్‌పేట్‌లో రైలెక్కి అదే ఫ్యాక్టరీకి పోతాడు. పోక ఏం చేస్తాడు?

డెబ్భైమూడు వానాకాలంలో కొత్త ప్రెస్సు దిగింది. దానికి కాలితో తొక్కే పెడలు లేదు. ఒక పక్క చిన్న దీపం, ఎదురుగా గాజు కన్ను. రేకు అడ్డొచ్చి కంటికి వెలుగు అందకపోతే చాలు, పైనున్న ఇనుప దిమ్మ దబ్బున పడుతుంది. పెట్టె విప్పిన రోజే వీరేశం దాన్ని కాలెత్తి ఒక్క తన్ను తన్నాడు. వేళ్ళు పోయిన కసి అది. అందరూ నవ్వారు.

అక్కడితో అయిపోయేదే, స్టోర్సు గుమాస్తా పార్థసారథి లేకపోతే. ఏలూరు మనిషి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు కథల పుస్తకాలు ఏరుకొచ్చి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పే వేళకు తెలుగులో చెప్పేవాడు. అన్నీ మనుషుల్ని చంపే యంత్రాల కథలే.

"ఆ లిఫ్టుని ఒకడు తన్నాడయ్యా. అది ఏమీ అనలేదు. ఏడేళ్ళు వాణ్ణి బుద్ధిగా పైకీ కిందికీ మోసింది. ఎనిమిదో ఏట ఒకరోజు తలుపు తెరిచింది. వాడు కాలు పెట్టాడు. లోపల లిఫ్టు లేదు."

వీరేశం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "గంత యాదుంటదా సారూ దానికి?"

"అదేగా కథంటే. నీకేం భయం? నువ్వు తన్నింది లిఫ్టు కాదుగా."

ఆ మాటతో మనిషికి నిలకడ పోయింది. రైల్లో సీటు దొరికినా కూర్చోలేడు, కూర్చుంటే లేస్తాడు. రోజూ రేకు పెట్టాల్సిన ఆ కొత్త ప్రెస్సు ముందు ఎటు జరిగినా గాజు కన్ను అటే తిరుగుతున్నట్టుండేది.

దసరాకు ఆయుధపూజ చేశారు. తలా ఒక మిషనుకు పసుపు రాశారు. వీరేశం కొత్త ప్రెస్సుకు మొహం ఎక్కడుందా అని వెతికాడు. కన్ను ఉన్నచోటే మొహం కదా. కుంకుమ నూనెలో తడిపి సరిగ్గా గాజు మీద రూపాయంత బొట్టు పెట్టాడు. "తప్పయింది, మనసుల పెట్టుకోకు" అని గొణిగాడు.

పండగ సెలవయ్యాక మెయిన్ స్విచ్చి వెయ్యగానే, రేకు లేకుండానే దిమ్మ పడింది. లేచింది, మళ్ళీ పడింది. ఆగదే. వీరేశం వెనక్కి దూకి గోడకు తగిలాడు. ఫోర్మన్ కామేశ్వరరావు పరుగున వచ్చి స్విచ్చి తీసేశాడు.

"కరెంటు ఎక్కువ తక్కువై ఉంటుంది. వేస్తాను, రేకు పెట్టు."

"నేను పెట్ట సారూ. అది నాకోసమే సూస్తున్నది."

"పెట్టకపోతే ఇంటికెళ్ళు. రేపు ఇంకోడొస్తాడు."

ఇల్లా, చెయ్యా? వీరేశం మొదటిసారి దాని కంట్లోకి సూటిగా చూశాడు. కన్ను కనబడలేదు. ఎర్రగా తన బొట్టే ఉంది. వెలుగు అందడం లేదు. అంగీ అంచుతో గాజును రుద్ది రుద్ది తుడిచాడు. స్విచ్చి వేస్తే దిమ్మ కదల్లేదు.

"బొట్టెవరు పెట్టారు?"

"నేనే సారూ."

షెడ్డంతా నవ్వింది. చప్పుడు విని వచ్చిన పార్థసారథి భుజం తట్టాడు. "ఊరికే హడలి చచ్చావు. దానికి నీ మీద పగేం లేదు."

"పగుంటే మంచిగుండు సారూ. మీ లిఫ్టుకు మనిషెవడో ఎరుక. బతిలాడితే ఇంటుండెనేమో. దీనికి రేకేదో, నా చెయ్యేదో తెల్వదు."

అని కొలిమి షెడ్డుకు పోయి మూరెడు పొడవు పట్టకారు తెచ్చుకున్నాడు. దాంతోనే రేకు పెట్టడం మొదలుపెట్టాడు.

"పని తగ్గుతుందయ్యా" అన్నాడు ఫోర్మన్.

"తగ్గనియ్యి సారూ. నాకు తగ్గినయి సాలు."

ఫోర్మన్ ఆ మూడు వేళ్ళ వంక చూసి వెళ్ళిపోయాడు. మరుసటి దసరాకు వీరేశం ప్రెస్సు జోలికి పోలేదు. పట్టకారుకు బొట్టు పెట్టాడు.