సద్దులేని పెట్టె

2003లో మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే పక్క గదిలో పిండిమర పెట్టినట్టుండేది. అప్పట్లో అందరి ఇళ్ళలోనూ అంతే కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు. నేనూ పట్టించుకోలేదు, ఓంకార్ ఉత్తరం వచ్చేదాకా.

చూపులేని విద్యార్థుల కోసం నేను డిగ్రీ పుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి, సీడీల్లో పంపేదాన్ని. అనంతపురంలో ఒక చిన్న సంఘం ఆ పని అప్పగించింది. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మాది మూడో అంతస్తు. మా ఆయన గిరిధర్ ఆఫీసుకు వెళ్ళాక మధ్యాహ్నం ఇల్లంతా నాదే. నా గొంతు బాగుంటుందని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఓంకార్ బీఏ ఆఖరి సంవత్సరం. స్నేహితుడి చేత రాయించాడు: "మేడం, చరిత్ర మీరు చాలా బాగా చదువుతారు. కానీ మీ వెనక ఏదో మర తిరుగుతూనే ఉంటుంది. గంట వింటే తల దిమ్మెక్కుతుంది. పరీక్షలు మార్చిలో. ఏమైనా చేయగలరా?"

ముందు కోపం వచ్చింది. ఊరికే చదివి పెడుతుంటే వంకలా అనుకున్నాను. తర్వాత నా సీడీ నేనే హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. పావుగంటకే తీసి పక్కన పడేశాను. సిగ్గేసింది.

సీపీయూ మీద దుప్పటి కప్పితే వేడెక్కి ఆగిపోయింది. బాత్‌రూంలో పెడదామంటే వైర్లు చాలలేదు. "ఫ్యాను పీకేస్తే సరి," అన్నాడు గిరిధర్. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు! ఆయనకు కంప్యూటర్ మూత ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదని ఆ రోజే తెలిసింది.

చివరికి కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్ళాను. ఐదు కొట్లలో అడిగాను, ఐదుగురూ నవ్వారు. "సౌండ్ లేకుంటే పవర్ ఎట్లా మేడం?" అన్నాడొకడు. కంపెనీ వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అలాంటివి తెస్తారు, అందాకా ఆగమన్నాడు ఇంకొకడు. మార్చి ఆగదు కదా. ఆరో కొట్టు మేడ మీద, ఇరుకు మెట్ల చివర. అదే పిల్లప్పది.

నలభై ఏళ్ళు దాటిన మనిషి, బక్కపలచన. నేను మాట్లాడుతున్నంతసేపూ నా మొహంలోకే రెప్పవేయకుండా చూశాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి పోదామనుకునేంతలో, "చేస్తానక్కా," అన్నాడు. "చిన్నదిగా, సద్దు లేకుండా, బలంగా ఉండాల. అంతే కదా?"

"కంపెనీ వాళ్ళే చేయలేదంటున్నారే?"

"కంపెనీవాడు మీ ఇంటికొచ్చి, మీ చెవితో విని కడతాడా? ఇల్లు కట్టినట్లే అక్కా ఇది. ఉండేవాళ్ళని అడిగి కట్టాల."

ఆ మాట నాకు నచ్చింది. అసెంబుల్ చేయడం అని ఎప్పుడూ అనడు, కట్టడం అంటాడు. పాత కంప్యూటర్ ఇచ్చేసి వచ్చాను. సగం చదివిన చరిత్ర పుస్తకం అందులోని హార్డ్ డిస్కులోనే ఉంది, దాన్నే కొత్తదాంట్లో పెడతానన్నాడు.

మూడు వారాలకు, రెండు కిలోల స్వీటు డబ్బా అంత పెట్టెను స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాడు. జానెడు బోర్డు, ల్యాప్‌టాప్‌లో వేసే ప్రాసెసర్. ఉన్న ఒక్క ఫ్యానూ పెద్దది, తీరిగ్గా తిరుగుతుంది. హార్డ్ డిస్కును స్క్రూలతో బిగించకుండా ఎలాస్టిక్ పట్టీల మీద ఉయ్యాలలా వేలాడదీశాడు. ఇదెక్కడి ఎలాస్టిక్ అంటే, "కాటన్‌పేటలో చడ్డీలకేసేదే అక్కా," అన్నాడు. నా చరిత్ర పాఠాలన్నీ చడ్డీ ఎలాస్టిక్ మీద వేలాడుతున్నాయన్నమాట.

ఆన్ చేసి, మూత మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "చూడండక్కా, సద్దే లేదు."

ఉంది. పిండిమర పోయింది, నిజమే. దాని బదులు చెవి దగ్గర దోమ ఎగిరినట్టు సన్నగా కీ... అని ఒకటే కూత.

"కూస్తోంది కదండీ," అన్నాను.

"లేదక్కా."

"అదిగో, వినండి!"

"ఏమీ లేదు. సుమ్నే, ఊరికే మీ అనుమానం."

గిరిధర్‌ను పిలిచాను. ఆయనకూ వినిపించింది. పిల్లప్ప మాత్రం లేదంటే లేదంటాడు. నాకు కోపం వస్తే వెనకాముందూ ఉండదు. "చేతకాకపోతే చేతకాలేదని చెప్పండి. ఎదురుగా కూస్తుంటే లేదంటారేం? ఇంత అబద్ధాలకోరును నేనెక్కడా చూడలేదు," అనేశాను. ఆయన మొహం నల్లబడింది. వైర్లు పీకి, పెట్టె చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. హార్డ్ డిస్కు కూడా ఆయనతోనే పోయిందని తర్వాత గుర్తొచ్చింది.

వారం చూశాను. కొట్టు మూసే ఉంది. ఫోనెత్తలేదు. పరీక్షలింకా ఆరు వారాలు. అడ్రసు కనుక్కుని కాటన్‌పేటలో వాళ్ళింటికి వెళ్ళాను, గట్టిగా నాలుగు మాటలు అడుగుదామనే. పిల్లప్ప లేడు. ఆయన భార్య నాగమ్మ వంట చేస్తోంది. నేనెవరో చెప్పగానే స్టవ్ తగ్గించి కూర్చోబెట్టింది.

"ఆయప్ప అబద్ధం చెప్పలేదమ్మా," అంది. "ఆయప్పకి సన్న సద్దులు ఇనపడవు. పన్నెండో ఏటినించి పవర్‌లూమ్ మగ్గాల మోత కాడ నిలబడిన మనిషి. ఇరవై ఏండ్లు. మగ్గాలు మూసేసినాక ఈ కంప్యూటర్ పని నేర్చుకున్యాడు. మాటలు పెదాలు చూసి పట్టుకుంటాడు. కుక్కర్ కూత నేను లెక్కపెట్టాల."

నా మొహంలోకి ఎందుకలా చూశాడో అప్పుడు తెలిసింది.

"ఎవురితోనూ అనొద్దమ్మా. కంప్యూటర్ కట్టేవానికి చెవుడని తెలిస్తే కొట్టుకు ఎవురొస్తారు?"

అంతలో పిల్లప్ప వచ్చాడు. నన్ను చూశాడు, భార్యను చూశాడు, తెలిసిపోయిందని అర్థమైంది. గోడవైపు తిరిగి చొక్కా తగిలిస్తూ ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. నేను లేచి, ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాను. "తప్పయింది పిల్లప్ప గారూ," అన్నాను, పెదాలు కనబడేలా. జీవితంలో నేను అంత నిదానంగా క్షమాపణ చెప్పింది అదొక్కసారే.

"లావు సద్దు నాకు చేతికి తెలుస్తాదక్కా," అన్నాడాయన. "మగ్గం యాడ తప్పు నడుస్తాదో చెయ్యి పెడితే చెప్తాంటి. ఈ సన్న కూత చేతికీ రాదు, చెవికీ రాదు. మీరు ఉండాదంటే ఉండే ఉంటాది. ఏం చేసేది?"

"నేను వింటాను. మీరు కట్టండి."

ఎస్పీ రోడ్డులో మామూలు రోజుల్లో మన మాట మనకే వినబడదు. అందుకే ఆదివారం పొద్దున, అన్ని షట్టర్లూ దించి ఉన్నప్పుడు కూర్చున్నాం. కూత వినిపిస్తున్నంతసేపు నేను వేలు ఎత్తి ఉంచాలి, ఆగితే దించాలి. ఆయన ప్లాస్టిక్ పుల్లతో ఒక్కో భాగాన్నీ అదిమిపట్టి నా వేలు చూసేవాడు. మొదటి ఆదివారం నా చెయ్యి నొప్పి పుట్టిందే తప్ప దిగలేదు. రెండో ఆదివారం, కరెంటు వచ్చే చోట బఠాణీ గింజంత తీగచుట్ట మీద పుల్ల ఆనగానే కూత ఆగింది. వేలు దించాను. పుల్ల తీశాడు, ఎత్తాను. మళ్ళీ ఆనించాడు, దించాను. ఆయన చిన్నపిల్లాడిలా నాలుగైదుసార్లు చేసి చూశాడు. తీగ అదరకుండా ఆ చుట్టను జిగురుతో తడిపి వారం ఆరబెట్టాడు. మూడో ఆదివారం నా వేలు లేవనే లేదు.

"ఆగిందా?" అన్నాడు.

"ఆగింది."

"నిజమే చెప్పక్కా, నా కోసం వద్దు."

ఒట్టేశాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, ఎందుకు దాచాలి?

పరీక్షకు పది రోజుల ముందు చరిత్ర మొత్తం ఓంకార్‌కు చేరింది. "మేడం, మీరు పేజీ తిప్పడం కూడా వినిపిస్తోంది," అని రాయించాడు. పాసయ్యాడు. సంఘం కోసం నాలాగే చదివి రికార్డు చేసేవాళ్ళకూ అలాంటి పెట్టెలు కావాలన్నారు, నాలుగు. నేను సంతోషంగా వెళ్ళి చెబితే పిల్లప్ప వద్దన్నాడు. ప్రతిదానికీ నన్నే పిలవలేడు. వేరేవాళ్ళను కూర్చోబెట్టుకోవాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే కొట్టు పోతుంది. నాకు మళ్ళీ కోపం వచ్చింది. "చేతిలో ఇంత పని పెట్టుకుని చెవుల కోసం దాక్కుంటారా?" అని వచ్చేశాను.

పది రోజుల తర్వాత వెళితే మెట్ల మొదట్లో కొత్త బోర్డు. కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి: "ఇక్కడ సద్దులేని కంప్యూటర్లు కట్టబడును. కట్టేవానికి చెవులు మందము. వినేవారిని వెంట తెచ్చుకోవలెను."

కొందరు ఆ బోర్డు చదివి నవ్వుకుంటూ పక్క కొట్టుకు పోయారు. ఎదురు కొట్టు వ్యాపారి కృష్ణప్ప దాన్ని అందరికీ చూపించి మరీ నవ్వించాడు. కానీ వచ్చేవాళ్ళు వచ్చారు. వీణ రికార్డు చేసుకునేవాళ్ళు, పక్కనే పసిపిల్లలు పడుకునేవాళ్ళు, సొంతంగా కట్టుకోవాలని సరదాపడే కాలేజీవాళ్ళు. భార్యాభర్తలు వచ్చి ఒకరు వేలెత్తితే ఒకరు దించి పోట్లాడుకోవడం నేనే చూశాను.

2008లో ఓంకార్‌కు బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. తెర మీది అక్షరాలు చదివి వినిపించే కంప్యూటర్ కొనుక్కోవాలనుకున్నాడు. అప్పటికి కంపెనీల చిన్న పెట్టెలు మార్కెట్లోకి వచ్చేశాయి. కృష్ణప్ప కొట్లోనే ఒకటి ఉంది, పుస్తకమంత. ముగ్గురమూ వెళ్ళి చూశాం. పిల్లప్ప దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "దీనికి స్క్రూనే లేదక్కా. యాడ పట్టి తెరిచేది? ఇంక చేత్తో కట్టేది ఉంటాదో లేదో," అన్నాడు. ఆయనకు భయంగా ఉందని తెలుస్తూనే ఉంది. ఓంకార్ దానికి చెవి ఆనించి, "ఇందులో కీచురాయి ఉంది మేడం," అని పక్కన పెట్టేశాడు. "నాకు పిల్లప్పన్న చేతిదే కావాలి."

రెండు వారాలకు, ఆదివారం, కొట్లో ముగ్గురమూ కూర్చున్నాం. వినేవాడు ఓంకారే. పిల్లప్ప పెట్టె బల్ల మీద పెట్టి, మూత మీద అరచెయ్యి ఆనించి, తల వంచుకుని ఉన్నాడు. ఓంకార్ మెడ ముందుకు చాచి ఎదురుచూస్తున్నాడు. అలా చాలాసేపయింది.

"ఇక ఆన్ చెయ్యండన్నా, వింటాను," అన్నాడు ఓంకార్.

పిల్లప్ప పెదాలు చూడలేదు కాబట్టి అందలేదు. "ఏమంటాడక్కా?" అని నావైపు తిరిగాడు.

"ఆన్ చెయ్యమంటున్నాడు," అన్నాను నిదానంగా.

పిల్లప్ప పెట్టె మీది నుంచి చెయ్యి తీయలేదు.

"ఆన్ చేసి పది నిమిషాలాయె కదప్పా," అన్నాడు.