చిద్రి వరండాలో తోరా

తబితా తండ్రి బీదర్ బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేవాడు. ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. హైదరాబాదులో అద్దాల మేడలు వరసగా లేస్తున్న రోజుల్లో, ఒక కంపెనీ క్యాంటీనులో వంటపనికి కుదిరింది. అక్కడే లీయా పరిచయమైంది. గుంటూరు వైపు అమ్మాయి. వాళ్ళ కుటుంబం యూదు ఆచారాలు పాటిస్తుంది.

శనివారం క్యాంటీనుకు సెలవు. ఆ రోజు లీయా తోరా తెరిచి, తబితాను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. తోరా అంటే మోషే ఐదు గ్రంథాలు. తబితా చిన్నప్పటి నుంచి చర్చిలో వింటున్నవే. కానీ విని ఊరుకోవడమే ఆమెకు అలవాటు.

"ఇద్దరు కూర్చుని చదవాలక్కా. నువ్వు నన్ను అడుగు, నేను నిన్ను అడుగుతా. మనసు ఒప్పకపోతే వాదించు," అంది లీయా.

"దేవుని మాట మీద వాదిస్తరా?"

"మా దగ్గర చదువంటే అదే. మా పాత గురువుల్లో కమ్మరులున్నారు, చెప్పులు కుట్టినవాళ్ళున్నారు."

తబితా ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. "ఆడోళ్లు గూడ ఉన్నరా?"

"చాలాకాలం దగ్గరకు రానివ్వలేదు. ఇప్పుడు కూర్చుంటున్నాం. ఎవరూ పిలవలేదు, మేమే కూర్చున్నాం."

తల్లికి జబ్బు చేయడంతో తబితా బీదర్‌లోని తమ పేట చిద్రికి తిరిగొచ్చింది. ఆదివారం సాయంత్రాలు వరండాలో చాప పరిచి, కొందరు ఆడవాళ్ళతో తోరా మొదటి గ్రంథం ఆదికాండం చదవడం మొదలుపెట్టింది. పక్కింటి భాగీరథికి చదువు రాదు, ఆమె చర్చికి వచ్చే మనిషీ కాదు. అందరికంటే ఎక్కువ ప్రశ్నలు ఆమెవే.

సంగతి చర్చి సంఘపెద్ద జయానందం చెవిన పడింది. వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"అర్థం చెప్పనీకె పాస్టరయ్య లేడా తబితమ్మా? చెప్పులు కుట్టేటాయన బిడ్డవు, నీకెందుకిది?"

"నేను అర్థం చెప్తలేను మామా. అందరం కలిసి అడుగుతున్నం."

"బంద్ చెయ్. లేకుంటే సండేస్కూలు పిల్లలను నీ చేతికియ్యం."

చర్చిలో తను ఆదివారం పాఠాలు చెప్పే ఆ పిల్లలంటే తబితాకు ప్రాణం. అయినా చాప మీది నుంచి లేవలేదు.

"మా నాయిన చెప్పులు కుట్టిండు. అసొంటోళ్లే ఈ మాటలు చదివి లోకానికి చెప్పిండ్రు. పిల్లలను తీసుకోండ్రి మామా. నేను చదువుడు బంద్ చెయ్య."

అన్నంత పనీ చేశారు. చాలా ఆదివారాలు ఆమె చర్చిలో పిల్లల వైపు చూడలేకపోయింది. వరండాకు వచ్చేవాళ్ళలో కొందరు భయపడి మానేశారు. భాగీరథి మానలేదు.

ఒకనాడు కయీను కథ నడుస్తోంది.

"తమ్ముని సంపినోన్ని దేవుడు ఎందుకు బతకనిచ్చిండు? నేనైతే ఇడ్వకపోతుంటి," అంది భాగీరథి.

"నేనైతే ఇడుస్తుంటి," అంది తబితా.

"ఎట్ల ఇడుస్తవ్? చెప్పు."

మాటా మాటా పెరిగింది. వీధిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. తబితా గొంతు తగ్గించలేదు.