యాదమ్మ గది ఆగ్నేయ మూల

2022లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక స్టవ్‌ల దుకాణంలో ఇన్‌స్టలేషన్ పని చూసేవాణ్ణి. మెకానికల్ డిప్లొమా చదివిన అలవాటుతో ఏ ఇంటికెళ్లినా మూడు చూసేవాణ్ణి: రెగ్యులేటర్, ట్యూబ్, జెట్. జెట్ అంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్నని రంధ్రం.

నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన యాదమ్మ మన్సూరాబాద్‌లో పది బై పది గదిలోకి కొత్తగా దిగింది. జొన్న రొట్టెలు చేసి అమ్మేది. అంత చిన్న గదికి రెండు బర్నర్ల స్టవ్ చాలని, పెనానికి సరిపడా ఒక బర్నర్ పెద్దదిగా ఉండాలని నేనే ఎంచి ఇచ్చాను. బిగింపు మాత్రం తనే చేసుకుంది. వారం తిరగకముందే ఫోన్.

"ఏం పొయ్యి అంటగట్టినవయ్యా! మంట నిలుస్తనే లేదు. పొద్దుగూకేసరికి మీర్‌పేట్‌ల గృహప్రవేశానికి అరవై రొట్టెలియ్యాలె. మొదటి ఆర్డరే చెడితే మల్ల నన్నెవరు పిలుస్తరు?"

మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. రెగ్యులేటర్, ట్యూబ్, జెట్ మూడూ బాగానే ఉన్నాయి. కానీ స్టవ్ తలుపు పక్కనే ఉంది. గాలి కొడితే మంట ఆరుతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. తలుపు మూస్తే అది గదిలోనే నిలుస్తుంది. వెనక గోడకు కిటికీ, దాని పక్కన ఖాళీ మూల కనిపించాయి.

"అక్కా, పొయ్యి గా మూలకు మారుద్దాం."

"మారుస్తవ్, మారుస్తవ్! ఇది ఆగ్నేయం. సదువుకున్నోనివి, గంత తెల్వదా?"

"ఆగ్నేయమని ఎవరు చెప్పిన్రు?"

"ఇంటి గేటు తూర్పుకు లేదా? బయటికి పోంగ కుడిపక్క ఆగ్నేయమే గద."

గేటు తూర్పుకే. ఆమె తలుపు మాత్రం ఎండ సోకని పక్క సందులోకి. ఫోన్‌లో దిక్సూచి తెరిచాను. ఇనుప బీరువా దగ్గర తప్పు చూపిస్తుందని సందులోకి వెళ్లి మళ్లీ చూశాను. తలుపు ఉత్తరానికి ఉంది!

"అక్కా, నువ్వు పొయ్యి పెట్టింది ఈశాన్యంల. అసలు ఆగ్నేయం గా కిటికీ మూలనే."

"ఓయమ్మా! దేవుని మూలల నిప్పు పెట్టిన్నా? చూస్తవేంది, పట్టు!" అంటూ స్టాండ్‌కు తనే ముందు చెయ్యేసింది.

సిలిండర్ నేల మీద నిలువుగా, స్టవ్ దానికంటే ఎత్తులో, ట్యూబ్ మెలిక లేకుండా అమర్చాను. సబ్బు నీళ్లతో లీకేజీ చూశాను. తలుపు బార్లా తీసినా మంట నీలంగా, నిటారుగా నిలిచింది. మొదటి రొట్టె పెనం మీద బుస్సుమని పొంగింది.

ఆరున్నరకు మళ్లీ ఫోన్. "అరవై అయినయి బిడ్డా! నీకు నాలుగు ఎక్కువ చేసిన, వచ్చి తీస్కపో."

ఆ రోజు నుంచి నా జాబితాలో మొదటిది రెగ్యులేటర్ కాదు, ఒక ప్రశ్న: "ఇక్కడే ఎందుకు పెట్టారు?"