గండికోట పాపకు సంగటి మూట

బుజ్జమ్మా, నీ కథ అచ్చయింది. చూసుకోవడానికి నువ్వే లేవు.

చదివే పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేనే చెబుతున్నాను. ఈ కథ రాసిన టీచరమ్మ నా కూతురు. పోయిన నెలలో ఒక పొద్దున, మా ప్రొద్దుటూరు ఇంట్లో కన్ను మూసింది. ఆయాసంతో ఏండ్ల తరబడి దిండుకు ఆనుకుని కూర్చునే నిద్రపోయిన బిడ్డ, ఆ పొద్దు వెల్లకిలా, హాయిగా పడుకుని ఉంది. ఏడ్చాను. ఏడుస్తూనే, అమ్మయ్య, నా బిడ్డకు ఇంక రొప్పు లేదనుకున్నాను. తల్లి అయినది ఇట్లా రాయొచ్చో లేదో తెలియదు. ఉన్నమాట రాస్తున్నాను.

మాది మగ్గం ఇల్లు. నేను రాట్నం దగ్గర కండెలు చుడుతుంటే తాను గడప మీద కూర్చుని, పెన్సిలు కొస కొరుకుతూ రాసేది. రాసింది నాకు చదివి వినిపించేది. నాకు అక్షరాలు నేర్పింది కూడా తానే. "రాజు ఏం గెలిచినాడో పుస్తకాల్లో ఉండాది మా. ఆ పొద్దు పిల్లోళ్లు ఏం తినినారో యాడా లేదు," అనేది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్నప్పుడు జమ్మలమడుగు బడిలో తనకు ఉద్యోగం వచ్చింది. ప్రతి శనివారం బడి వదిలే ముందు పిల్లలకు ఈ గండికోట కథ కొంచెం కొంచెం చెప్పేది. శత్రువులు కోటను చుట్టుముడతారు. తలుపులు మూస్తారు. గింజలు అయిపోతూ వస్తాయి. ఒక చిన్న పాప తన వంతు ముసలి తాతకు పెట్టి తాను పస్తుంటుంది. పిల్లలను బండ్లు కట్టించి కోటకు తీసుకుపోయి, ఆ పాప తాత కాపలా కాసిన ధాన్యం కొట్టు ఇదేనని చూపించింది. ఇంక వాళ్లకు అది కథ ఎందుకవుతుంది?

పాప పస్తు ఉన్న చోటే కథ ఆగిపోయింది. నా కూతురికి ఆయాసం ముదిరి, ఇంటికి తెచ్చుకున్నాను. మెతుకు ముట్టడం మానేసింది. గంజి తాగమన్నా మొహం తిప్పుకునేది.

ఒకరోజు జమ్మలమడుగు నుంచి పరుపులు కుట్టే సాయిబుల ఇల్లాలు వచ్చింది. ఆమె కూతురు ఆ బడిలోనే చదువుతుంది. చేతిలో గుడ్డమూట ఉంది.

"ఏం కథ చెప్పినావు టీచరమ్మా? నా కూతురు సరిగ్గా తినడమే ల్యా. కోటలో పాప తినందే తాను తినదంట! ఆయమ్మికి ఇచ్చి రమ్మని ఈ సంగటి కట్టిచ్చినాది. యాడుండాది చూపించు, నేనే తినిపించి పోతా."

నా బిడ్డ నవ్వింది. నవ్వుకు దగ్గు అడ్డం వచ్చింది. "ఆ పాప యాడా లేదక్కా. నేను అల్లిందే."

"అల్లింది నువ్వే అయితే మరీ సులువు కదా! కూడు పెట్టకుండా ఏం చేస్తాండావు?"

ఆమె పోయినాక నా కూతురు ఆ మూటను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "ఆ పాప చచ్చిపోతాదని రాద్దామనుకున్యా మా," అంది. "అట్లాంటప్పుడు శానామంది పోయింటారు. అబద్ధం రాయకూడదు."

"పోయినోళ్లు పోయినారు. ఒక్కరన్నా బతికింటారు కదా బుజ్జమ్మా. ఆ ఒక్కదాని కథే రాయి," అన్నాను. ఎవరి గురించి అడుగుతున్నానో ఇద్దరికీ తెలుసు.

మూట విప్పమంది. ఊరుబిండి పచ్చడి అద్దుకుని రెండు ముద్దలు తినింది. తాను చెబుతుంటే కథ చివర నేనే రాసినాను, నా వంకర అక్షరాలతో. కోట తలుపులు తెరుచుకుంటాయి. శత్రువుల గుడారంలో వంట చేసే ముసలామె ఆ పాపను చూసి, తిడుతూ తిడుతూ పక్కన కూర్చోబెట్టుకుని తినిపిస్తుంది. ఆ తిట్లు అచ్చం పరుపుల ఇల్లాలివే.

కథ బస్సులో బడికి పంపించాము. మర్నాడు అదే బస్సులో తిరుగు కబురు వచ్చింది: పరుపులామె పిల్ల రెండోసారి పెట్టించుకుని తినిందంట.

"అమ్మయ్య, ఇంక పండుకుంటా మా," అంది నా బిడ్డ. ఆ వారంలోనే పోయింది.

ఆ మూటగుడ్డ ఉతికి దండెం మీద ఆరేశాను. గాలికి ఊగుతూ ఉంది, ఇంకా తీయలేదు. పిల్లలూ, చివరి పేజీలో పాప తింటుంది, దిగులుపడకుండా చదవండి. చదివినాక పోయి, మీరూ కడుపునిండా తినండి.