పది మాటల పరీక్ష

మొన్న అన్నయ్య పెద్దకర్మకు పెడన వెళ్లినప్పుడు మా ఇంట్లో బట్టల మీద అచ్చులు వేసే అద్దకం బల్ల మీది రంగు వాసన తగిలింది. నా ఎనిమిదో ఏట కూడా ఇంట్లో అదే వాసన.

అన్నయ్య అప్పుడు పదో తరగతి. రోజూ పొద్దున నన్ను పది ఇంగ్లీషు మాటలకు అర్థాలు అడిగేవాడు. తప్పుకొక స్కేలు దెబ్బ. నన్ను ఏడిపించడానికే అనుకున్నాను. బందరు కాన్వెంటులో సీటు పరీక్షకు తయారు చేస్తున్నాడని పెద్దయ్యాకే తెలిసింది.

కసి తీరాలని ఒక ఆదివారం డిక్షనరీ తిరగేసి, ఎవరూ వాడని పది మాటలు ఏరాను. నాన్న బల్ల దగ్గర అచ్చు వేస్తుండగా, అక్కడే ఉన్న అన్నయ్య దగ్గరికి స్కేలు పట్టుకుని వెళ్లాను.

"ఇవాళ నేనడుగుతా అన్నయ్యా, చెయ్యి చాపు."

"ఓహో, టీచరమ్మ గారా? అడగండి," అని నవ్వాడు.

ఒక్కటీ చెప్పలేకపోయాడు. పది దెబ్బలూ బలంగా కొట్టాను. నాకు హాయిగా అనిపించింది.

నాన్న అచ్చు పక్కన పెట్టాడు. "మూడో క్లాసు పిల్లకొచ్చినవి నీకు రావేంట్రా? పరీక్షలవగానే బల్ల దగ్గరికొచ్చెయ్. కాలేజీ లేదు, ఏం లేదు."

అవి ఏ క్లాసు పుస్తకంలోనూ లేవని నాన్నకు తెలియదు. నేను చెబుతానని అన్నయ్య నా వైపు చూశాడు. పొద్దున తిన్న దెబ్బలకు నా చెయ్యి ఇంకా మండుతోంది. చెప్పలేదు.

అన్నయ్య నలభై ఏళ్లు ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు. ఆ సంగతి చెప్పడానికి నాకు ఆ నలభై ఏళ్లూ సమయం ఉండేది.