జక్కయ్య ఊ

ఆరోన్ చేసే ఉద్యోగమేమిటో వాళ్లమ్మకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పటమటలో ఎవరడిగినా "కంప్యూటర్లు" అని ఊరుకుంటుంది. చరిత్ర రాసేవాళ్లకి పనిముట్లు చేసిపెట్టడం అతని పని. పెద్దవాళ్లు చెప్పిన పాత సంగతులు గంటల కొద్దీ రికార్డు చేసి ఉంటే, వాటిలో "కాలువ" అన్న మాట ఎక్కడుందో చిటికెలో వెతికిపెట్టే సాఫ్ట్‌వేరు తయారు చేశాడు. బెంజ్ సర్కిల్ దగ్గర నిక్షేపంలాంటి ఉద్యోగం మానుకుని ఇందులో దిగితే, పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండని చుట్టాలు నవ్వారు.

మనిషి బంగారం. కాకపోతే శుభ్రం ఎక్కువ. రికార్డింగుల్లో కోడికూతలు, కుక్కర్ విజిళ్లు, ఆటో హారన్లు అతనికి పంటికింద రాళ్లలా తగిలేవి. అందుకని చెప్పేవాళ్ల గొంతొక్కటే ఉంచి, తక్కినవన్నీ చెత్తలాగా ఏరి పక్కన పోసే ఏర్పాటు చేశాడు. చరిత్ర లెక్చరర్ ఉషశ్రీ అది చూసి మురిసిపోయింది.

భవానీపురంలో ఉండే మణెమ్మ, దివిసీమ ఉప్పెన నాటి సంగతులు చెబుతుంటే ఉషశ్రీ తన ఫోనులో రికార్డు చేసి నాలుగేళ్లయింది. దాన్ని పరిశోధకులందరికీ వినిపించాలంటే ఆమె సరేననాలి. ఆరోన్ ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాడు. మణెమ్మ కాసేపు విని చెయ్యెత్తి ఆపమంది.

"ఇది నేను చెప్పింది కాదబ్బాయ్."

"మీ గొంతేనండీ మామ్మగారూ."

"గొంతు నాదే. నేనేం గోడకి చెప్పుకున్నానా? మా ఆయన ఊ ఏదీ?"

పక్కన ఊ కొట్టే మనిషి లేకపోతే కథ చెప్పేవాళ్లకి నోరు పెగలదని, నాయనమ్మ దగ్గర ఊ కొట్టి పెరిగిన ఆరోన్‌కి తెలియదా? తెలుసు. ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. ఆ రోజు పక్కన కూచుని ఊ కొట్టింది మణెమ్మ భర్త జక్కయ్య. ఆయన పోయి రెండేళ్లు.

"ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. అది లేనప్పుడు నాది మాత్రం ఎందుకు, తీసెయ్యి," అంది మణెమ్మ.

అసలు రికార్డింగు ఉషశ్రీ పాత ఫోనుతోనే పోయింది. ఇక మిగిలిందల్లా ఏరి పోసిన చెత్త. అదైనా ఉందో లేదో. ఆరోన్ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఇంటికొచ్చి వెతికాడు. అంత శుభ్రం మనిషీ చెత్త పారబోయడం ఒక్కటి మరిచిపోయాడు, దేవుడి దయ. కోడికూతల మధ్య, కుక్కర్ విజిళ్ల మధ్య జక్కయ్య ఊ కొడుతూనే ఉన్నాడు. ఆరోన్‌కి ఏడుపొచ్చింది. అన్నిటినీ తెచ్చి వాటి చోట్లలో పెట్టాడు. కోళ్లనీ వదల్లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ భవానీపురం వెళ్లాడు. మొదటి ఊ వినపడగానే మణెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కథ సాగింది. నీళ్లు ఇంట్లోకి వచ్చిన చోట ఊ ఆగిపోయింది. ఆమె గొంతొక్కటే నడుస్తోంది. ఆరోన్ ల్యాప్‌టాప్ మీదికి వంగాడు.

"ఇక్కడ కొంచెం పోయినట్టుందండీ. మళ్లీ వెతుకుతాను."

"ఏం పోలా నాయనా. మా పెద్దోడు ఆయన చేతిలోంచి జారిపోయింది ఇక్కడే. ఎన్నిసార్లు చెప్పినా ఈ కాడ ఆయన ఊ కొట్టలా." మణెమ్మ కళ్లు తుడుచుకుంది. "దీన్ని ఇట్టాగే ఉంచి అందరికీ వినిపించు."

కాసేపటికి జక్కయ్య గొంతు, మెల్లగా, మళ్లీ ఊ అంది.

"ఊ," అంది మణెమ్మ.